వాడిది మొండితనం కాదేమో, నొప్పేమో

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న ఊరు. మా బాబుకి ఆరేళ్లు. ఏడో నెలలోనే పుట్టాడు, కిలోన్నర కూడా లేడు. ఇరవై రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఏడాదిన్నర వయసులో సెరిబ్రల్ పాల్సీ అని తేల్చారు. ఆనిస్తే కూర్చుంటాడు, నడవలేడు. అమ్మ, అక్క, ఇంకో రెండు మాటలు తప్ప రావు. ఫిట్స్‌కి మందు వాడుతున్నాం. పోయిన దసరాకి మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా తడబడుతుంది. ఆవిడ బాగున్నన్నాళ్లూ నేను గ్రహణం రోజు బయటికి రావడం వల్లే పిల్లాడు ఇలా పుట్టాడనేవారు. మావారికి ఎలక్ట్రికల్ షాపు. పొద్దున తొమ్మిదికి వెళితే రాత్రి తొమ్మిదిన్నరకు వస్తారు. పెద్దది పాప, తొమ్మిదేళ్లు. రెండు నెలలుగా స్కూలుకి బయల్దేరే ముందు కడుపునొప్పి అంటోంది.

స్టెమ్ సెల్స్ అని మూలకణాలు ఎక్కిస్తే బాబు నడుస్తాడని ఎవరో చెప్పారట. మూడు విడతలు, విడతకి మూడు లక్షలు. ఉన్న అర ఎకరం అమ్ముదామంటున్నారు మావారు. నాకు నమ్మకం లేదు. వద్దంటే కన్నతల్లివేనా అంటారని భయం.

ఇంకొకటి. మూడు నెలలుగా డైపర్ మార్చడానికి కాళ్లు విడదీస్తే చాలు, బిగబట్టి ఒకటే అరుపు. పదిరోజుల కిందట రాత్రి అలాగే అరుస్తుంటే, అదే సమయానికి అటు అత్తగారు పిలుస్తుంటే, వాడి తొడ మీద రెండు దెబ్బలు వేశాను. వేళ్లు అచ్చుపడ్డాయి. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. పేరు వేయకండి.

జవాబు:

అమ్మా, మీరు చివర రాసినదాన్ని ముందుకు తెస్తున్నాను. దెబ్బల సంగతి కాదు, అరుపు సంగతి. కాళ్లు విడదీస్తే అరుస్తున్నాడు, అది మూడు నెలలుగానే. ఈ రెండు ముక్కలూ ఏ డాక్టరుతోనైనా చెప్పారా? చెప్పకపోతే ఈ వారంలోనే చెప్పండి. వాడి తుంటి జారుతుండొచ్చు.

సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ ఏళ్లు గడిచేకొద్దీ ముదరదు. పెరిగేది పిల్లాడు. ఎముక పొడుగవుతుంటుంది, బిగుసుకున్న కండరం దానితో సమానంగా సాగదు. తొడ లోపలివైపు కండరాలు రెండు కాళ్లనూ కత్తెరలా దగ్గరికి లాగుతుంటాయి. ఏళ్ల తరబడి అలా లాగితే తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది. ఈ పిల్లల్లో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి ఇలా అవుతుంది, నడవని పిల్లల్లో ఇంకా ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే ఎవరూ గమనించరు. నొప్పి మొదలయ్యాక పిల్లాడు చెప్పలేడు, మనం మొండి అనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మాయిదీ ఇదే జబ్బు, ఇప్పుడు దానికి ఇరవై మూడేళ్లు. ఎనిమిదో ఏట నాలుగు నెలలపాటు స్నానం చేయించేటప్పుడల్లా అరిచింది. చూపించిన చోట ‘ఈ పిల్లలు ఇలాగే అరుస్తారమ్మా, అలవాటు పడాలి’ అన్నారు. అలవాటు పడ్డాను కూడా. చివరికి ఒక ఫిజియో చెయ్యి వేసి చూసి, ఎక్స్‌రే తీయించుకురమ్మని చీటీ రాసిచ్చాడు. ఎడమ తుంటి సగం బయట ఉంది. ఆ ఫిల్మ్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

మీకు కావలసింది చాలా మామూలు ఎక్స్‌రే. రెండు తుంట్లూ ఒకే ఫిల్మ్‌లో పడేలా ఎదురుగా తీయాలి. పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు పైకి చూసేలా నిటారుగా పట్టుకోవాలి. కాళ్లు మెలిపడి ఉంటే కొలత తప్పొస్తుంది. ఎముక తల ఎంత శాతం గిన్నె బయటికి వచ్చిందో పిల్లల ఎముకల డాక్టరు కొలిచి చెబుతారు. ఆ అంకె అడిగి రాసుకోండి. 30 దాటితే ఆ డాక్టరు చేతిలో ఉండాల్సిన పిల్లాడు. తొందరగా పట్టుకుంటే కండరాన్ని వదులు చేసే చిన్న ఆపరేషన్‌తో సరిపోవచ్చు. ఆలస్యమైతే ఎముక కోసి సరిచేయాల్సి వస్తుంది. మా అమ్మాయికి అదే చేశారు.

ఎక్స్‌రేలో తుంటి బాగానే ఉంటే అక్కడితో ఆగకండి. మలబద్ధకం, ఒరుసుకుపోయిన చర్మం, పుచ్చుపన్ను, పులితేన్పులు, ఇవన్నీ చెప్పలేని పిల్లల్లో అరుపుగానే బయటపడతాయి. నిలబడని పిల్లలకు, అందులోనూ ఏళ్ల తరబడి ఫిట్స్ మందు వాడేవాళ్లకు ఎముకలు బలహీనపడతాయి. ఎప్పుడు చిట్లిందో తెలియకుండా చిట్లుతాయి కూడా. ‘మూడు నెలల కిందట ఈ అరుపు లేదు’ అన్న మాట డాక్టరుతో మొదటే చెప్పండి. మిగతాదంతా దాని తర్వాత.

ఎక్స్‌రే వచ్చేదాకా కాళ్లు బలంగా విడదీసే ఎక్సర్‌సైజులు ఆపేయండి. డైపర్ మార్చేటప్పుడు మడమలు పట్టి పైకి లేపకండి, అలా లేపితే కండరం ఇంకా బిగుస్తుంది. పక్కకి తిప్పి, ముందు మోకాళ్లు మడిచి, కాళ్లు పొట్టవైపు తెచ్చి ఒక అర నిమిషం ఊరుకోండి. బిగువు కొంత దిగాక మోకాళ్ల మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి మార్చండి. ఒక్కరోజులోనే తేడా కనిపించవచ్చు.

ఇక ఆ రెండు దెబ్బలు. అది తప్పు కాదని నేను అనను, మీరూ ఒప్పుకోరు. మీరు అడగని ప్రశ్న ఒకటుంది, మళ్లీ ఆ క్షణం వస్తే ఏం చెయ్యాలని. వస్తుంది. పొద్దున్నుంచి ఇద్దర్ని ఎత్తి దించిన మనిషికి రాత్రి పదింటికి వస్తుంది. అప్పుడు వాణ్ని కింద చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, డైపర్ సగంలో ఉన్నా సరే, పెరట్లోకి వెళ్లిపోండి. నేల మీద పడుకున్నవాడు కింద పడడు, అయిదు నిమిషాలు అరిస్తే ఏమీ కాదు. అత్తగారు పిలిస్తే పిలవనివ్వండి. నేను వంటింటి గట్టు మీద చల్లటి నీళ్ల చెంబు పెట్టుకునేదాన్ని, ముఖం కడుక్కోవడానికి. అది తప్ప ఇంకేదీ పనిచేసేది కాదు.

పది రోజులుగా నిద్ర లేదన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. టెలి మానస్ అని మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మీరు పిచ్చివాళ్లు కాబట్టి చెయ్యమనడం లేదు. ఆ దెబ్బల సంగతి మీ ఊళ్లో ఎవరితోనూ చెప్పుకోలేరు కాబట్టి, మీ మొహం తెలియని మనిషితో చెప్పుకోమంటున్నాను. బాబుకేదో మీకేదో చేసేయాలనిపించే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే చెయ్యండి, మీవారినీ నిద్రలేపండి.

గ్రహణం సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మీవాడు ఏడో నెలలో పుట్టాడు. అంత ముందే పుట్టిన పిల్లల మెదడులో కాళ్లకూ చేతులకూ కబురు మోసే తెల్ల పదార్థం చాలా లేతగా ఉంటుంది, రక్తం అందడంలో కాస్త తేడా వచ్చినా దెబ్బతింటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా రావడానికి కారణం అదీ. ఆకాశంలో చంద్రుడికీ దీనికీ సంబంధం లేదు.

అర ఎకరం గురించి. అమ్మొద్దు.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో స్టెమ్ సెల్స్‌ను చికిత్సగా వాడటానికి ఒప్పుకున్నది రక్తానికి, ఎముక మజ్జకు సంబంధించిన కొన్ని జబ్బుల్లోనే. సెరిబ్రల్ పాల్సీ అందులో లేదు. మిగతా జబ్బులకు వాడితే అది పరిశోధన కిందికే వస్తుంది, అనుమతులు తీసుకునే చెయ్యాలి. పరిశోధనలో పాల్గొనేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోకూడదు. మీవారికి ఈ ఒక్క ప్రశ్న చాలు: ఇది నిరూపితమైన వైద్యమా, పరిశోధనా? నిరూపితమైతే అనుమతి కాగితం చూపించమనండి. పరిశోధనైతే తొమ్మిది లక్షలు ఎందుకని అడగమనండి. వాళ్లు జవాబుగా వీడియోలు చూపిస్తారు, ముందు పాకేవాడు తర్వాత నడిచేవాడు. ఆ మధ్యకాలంలో ఆ పిల్లాడు ఎంత ఫిజియో చేశాడో, ఎంత పెరిగాడో వీడియోలో ఉండదు.

మీవారిని తప్పు పట్టొద్దు. షాపులో ఫ్యాను తిరగకపోతే కండెన్సర్ మార్చి తిప్పే మనిషి ఆయన. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మార్చడానికి ఏమీ లేదంటే తట్టుకోలేకపోతున్నాడు. పొలం అమ్ముతాననడం ఆయనకు తెలిసిన ప్రేమ. ‘వద్దు’ అని ఊరుకుంటే ఆ ప్రేమకు దారి మూసేసినట్టే, రేపు మీమీదికే వస్తుంది. దారి మళ్లించండి. ఎక్స్‌రే రోజు షాపు ఒకపూట మూసి రమ్మనండి. ఆ ఫిల్మ్‌ని వెలుతురుకి ఎత్తి చూపించినప్పుడు ఆయన కళ్లతో చూడాలి. అక్కడ డాక్టర్ని మీరు కాదు, ఆయన్నే అడగనివ్వండి, మావాడు నడుస్తాడా అని.

జవాబు వినడానికి మీరిద్దరూ ముందే కొంచెం సిద్ధపడండి. రెండేళ్లలోపు తనంతట తాను కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది ఏదో ఒక రకంగా నడుస్తారు. నాలుగేళ్లు దాటినా ఆనుకోకుండా కూర్చోలేని పిల్లల్లో నడక చాలా అరుదు. మీవాణ్ని నేను చూడలేదు, పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి. కానీ ‘ఎప్పుడు నడుస్తాడు’ అనే ప్రశ్న చుట్టూ ఆరేళ్లు తిరిగారు. దానికి కింద ఇంకో నాలుగు ప్రశ్నలు ఉండిపోయాయి: సుఖంగా కూర్చుంటున్నాడా, పొలమారకుండా తింటున్నాడా, ఏం కావాలో చెప్పగలుగుతున్నాడా, నొప్పి లేకుండా నిద్రపోతున్నాడా. ఈ నాలుగింటికీ పొలం అమ్మక్కర్లేదు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. బాబు పని, అత్తగారి పని రెండు వేర్వేరు బరువులుగా రాశారు. నిజానికి రెండూ చాలావరకు ఒకే పని. ఇద్దరికీ దెబ్బ మెదడులోనే. ఇద్దరికీ కండరం బిగుసుకుంటుంది, ఇద్దరికీ మాట సరిగా రాదు, పక్కకి తిప్పాలి, కూర్చోబెట్టి తినిపించాలి. ఫిజియో ఒకరోజు ఇంటికి వస్తే ఇద్దర్నీ ఒకేసారి చూపించి, చేసేదంతా ఫోన్‌లో వీడియో తీసుకోండి. నెలకోసారి వచ్చి సరిచూసి వెళ్లినా చాలా నయం. రోజూ చెయ్యాల్సింది ఎలాగూ ఇంట్లోవాళ్లే.

తిండి దగ్గరే మొదలుపెట్టండి. మనిళ్లలో పసిపిల్లకి కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసే అలవాటు ఉంది. ఆరేళ్లు వచ్చినా మెడ నిలవని పిల్లలకు చాలా ఇళ్లలో అలాగే పెడతారు. తల వెనక్కి వాలితే శ్వాసగొట్టం తెరుచుకుని అన్నం అటు పోతుంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి నవ్వుకుంటాం. వీళ్లిద్దరికీ మాత్రం పొలమారడం తరచూ అవుతుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుండొచ్చు. మీవాడికి ఏడాదిలో రెండు మూడుసార్లు నిమ్ము చేస్తోందంటే మొదటి అనుమానం దీనిమీదే పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంగి ఉండగా, స్పూను ఎదురుగా కిందినుంచి తేవాలి. మింగిన తర్వాతే రెండోది. పల్చటి మజ్జిగ, నీళ్లు జర్రున జారిపోతాయి. చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం నయం. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. అత్తగారికీ అచ్చంగా ఇదే. ఇద్దరికీ ఎదురెదురుగా ఒకే పూట పెట్టొచ్చు, రెండు వంటలూ అక్కర్లేదు.

దీనికి కుర్చీ కావాలి. ఖరీదైనవి ఆన్‌లైన్‌లో చూపిస్తారు, అవేవీ వద్దు. మీ ఊళ్లో వడ్రంగి ఉంటాడు కదా, ఫిజియోని పక్కన పెట్టుకుని కొలతలు ఇవ్వండి. పిల్లాడి వీపు కింది భాగం నుంచి మోకాలి మడత దాకా కొలిచి, రెండు వేళ్ల వెడల్పు తగ్గిస్తే సీటు లోతు. పాదాలు గాలిలో వేలాడకూడదు, కింద పీట మీద పూర్తిగా ఆనాలి. తొడల మధ్యకి దూది చుట్టిన చిన్న చెక్క దిమ్మ. ముందు బల్ల, పొట్ట దగ్గర చంద్రవంకలా కోసి. మా అమ్మాయి మొదటి కుర్చీ పాత తలుపు చెక్కతో చేయించాం. ఆ బల్ల మీద మోచేతులు ఆనిన రోజు దాని తల మొదటిసారి పది నిమిషాలు నిలబడింది. ప్రభుత్వ సంస్థ అలిమ్కో తయారుచేసే ఇలాంటి కుర్చీలు క్యాంపుల్లో ఉచితంగానూ ఇస్తారు. దానికి సదరం కాగితం, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం ఉండాలి, ఆ సంగతి తర్వాత రాస్తాను.

అత్తగారిని సాయంత్రం అయిదింటికి వాడి పక్కన కూర్చోబెట్టి చూడండి. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా. వాడి ముందు బల్ల మీద గిన్నె, గవ్వలు పెట్టి, ఆవిడ వేస్తే వాడు తియ్యడం, వాడు వేస్తే ఆవిడ తియ్యడం. పక్షవాతంలో మాట పోయినవాళ్లకు కొందరికి మాట రాకపోయినా పాట వస్తుంది. చిన్నప్పటి లాలిపాట ఏదైనా మీరు ఎత్తుకోండి, ఆవిడ అందుకుంటారేమో. ఇన్నాళ్లు మిమ్మల్ని మాటలన్న మనిషి గదా అని మీకు మనసొప్పకపోవచ్చు. ఒప్పకపోతే మానేయండి, లేని ప్రేమ తెచ్చిపెట్టుకోమని నేను చెప్పను. అరగంట ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటే మీకు ఆ అరగంట మిగులుతుంది, నా లెక్క అంతే.

మాటల సంగతి. నాలుగు మాటలే వచ్చని రాశారు. ఎన్ని అర్థమవుతాయో రాయలేదు. అర్థమయ్యేవి ఎక్కువే ఉంటాయి. ముందు అవును, కాదు అనే రెండింటికీ గుర్తులు పెట్టుకోండి. కళ్లు పైకెత్తితే అవును, పక్కకి తిప్పితే కాదు, వాడికి ఏది వీలైతే అది. తర్వాత ఫోటోలు. బొమ్మల పుస్తకంలోవి కాదు, మీ ఇంట్లోవే: వాడి గ్లాసు, మీ ఇంటి ఫ్యాను, దుప్పటి, అక్క, అన్నం కంచం. మా అమ్మాయికి నెయ్యీ పప్పూ వేసి మెత్తగా కలిపి మూడేళ్లు పెట్టాం. కంచం చూస్తేనే మొహం తిప్పుకునేది, ఆకలి లేదనుకునేవాళ్లం. ఫోటోలు చేసి బల్ల మీద పరిచిన మొదటి వారం కళ్లన్నీ ఒకే ఫోటో మీద. ఆవకాయ జాడీ. పక్కన కూర్చుని వాళ్లన్నయ్య రోజూ తినేది అదే కదా! వేలి కొసకి ఊట తీసి అన్నంలో కలిపి పెడితే కంచం ఖాళీ చేసింది. మూడేళ్లు ఆ పిల్ల మనసులో మమ్మల్ని ఎన్ని తిట్టుకుందో.

ఫిట్స్ మందు ఒక్కపూట కూడా మానకండి, ‘ఏడాదిగా రాలేదు కదా’ అని మీ అంతట మీరు తగ్గించకండి. వచ్చినప్పుడు తాళాల గుత్తి చేతిలో పెట్టడం, పళ్ల మధ్య స్పూను దూర్చడం వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలేమో మీ డాక్టర్ని అడగండి.

ఇప్పుడు పాప. నాకు ఎక్కువ దిగులు కలిగించింది మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యమే. ముందు పిల్లల డాక్టరుకి చూపించండి, నులిపురుగులో ఇంకేదో ఉండొచ్చు. అక్కడ ఏమీ లేదంటే, అబద్ధమాడుతోందని మాత్రం అనకండి. పొట్ట నిజంగానే నొప్పెడుతుంది. ఆ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతేనే అమ్మ దగ్గరికి వస్తుందని తొమ్మిదేళ్ల పిల్లకి అర్థమైంది. లేదా స్కూలుకి వెళ్లి వచ్చేలోపు ఇంట్లో ఏదో జరిగిపోతుందని భయం. నానమ్మ పడిపోయినప్పుడు అది ఎక్కడుందో గుర్తుచేసుకోండి. రోజూ పావుగంట దానికి ఒక్కదానికే ఇవ్వండి, జడ వేసేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని అయినా సరే. ఆ పావుగంటలో తమ్ముడి పేరు ఎత్తకండి. ‘మా బంగారం, తమ్ముణ్ని ఎంత బాగా చూసుకుంటుందో’ అని వచ్చినవాళ్లందరి ముందూ పొగడటం తగ్గించండి. ఆ పొగడ్త దానికి బరువు. ‘మా తర్వాత వీడికి నువ్వేగా’ అన్నవాళ్లెవరైనా ఉంటే, పెద్దవాళ్లయినా సరే, అక్కడే ఆపండి.

మా అబ్బాయి పదకొండో ఏట ఒక రాత్రి, దీపం ఆర్పేశాక అడిగాడు: ‘నాకు పెళ్లయితే చెల్లి ఎక్కడ పడుకుంటుంది?’ వాడు ఆ ప్రశ్న ఎన్నాళ్లుగా మోస్తున్నాడో! అది నీ పని కాదురా, దానికి మేం ఏర్పాటు చేస్తున్నామని చెప్పాను. ఆ రోజుకి ఏ ఏర్పాటూ లేదు. మర్నాటినుంచి కాగితాల పని మొదలుపెట్టాం. పద్దెనిమిదేళ్లు నిండాక ఇలాంటి పిల్లలకు చట్టప్రకారం సంరక్షకుణ్ని నియమించడానికి కలెక్టరు ఆధ్వర్యంలో జిల్లా కమిటీ ఉంటుందని అప్పుడే తెలిసింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం అది. మీకింకా పన్నెండేళ్లుంది.

కాగితాలు ఎలాగూ కావాలి. మొదటిది సదరం. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకుంటే ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేసి శాతం వేస్తారు. 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మిగతా తలుపులు తెరుచుకుంటాయి. బాబుకీ అత్తగారికీ ఇద్దరికీ తీసుకోండి, వీలైతే ఒకేరోజు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకి 6,000, చిన్నపిల్లలకూ వర్తిస్తుంది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారో సచివాలయంలో అడిగి ఉంచుకోండి, ఒకసారి తిప్పి పంపితే మానేయకండి. ఇది చదివే తెలంగాణ వాళ్లకు ఆ పింఛను 4,016. నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అని ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయలదాకా, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు వర్తిస్తుంది. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే థెరపీకీ అందులో కొంత వస్తుంది. మామూలు బీమా కంపెనీలు ఈ పిల్లల పేరు వింటేనే వెనక్కి తగ్గుతాయి కాబట్టి దీన్ని వదులుకోకండి.

ఆరేళ్లు నిండాయి కదా, బడి కూడా వాడి హక్కే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చదువు ఉచితం, పక్కనున్న బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో చెబుతారు. అక్కడ ప్రత్యేక టీచరు ఉంటారు, ఫిజియో వచ్చే రోజులుంటాయి, అలిమ్కో కుర్చీల క్యాంపు కబురూ అక్కడే తెలుస్తుంది. వెళ్లలేని పిల్లలకు టీచరు ఇంటికి వచ్చే ఏర్పాటూ ఉంది. మొదట వారానికి రెండు రోజులు పంపి చూడండి. అక్కడ ఇంకో నలుగురు తల్లులు కనిపిస్తారు. నాకు తెలిసిన సగం విషయాలు అలాంటి గది బయట, చెప్పులు విడిచే దగ్గర కూర్చున్న తల్లులు చెప్పినవే.

మీవారికి పని ఒకటి మిగిలింది. రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చి అన్నం తిన్నాక, పడుకోబెట్టే ముందు మార్చే డైపర్ ఆయనది. సాయం కాదు, ఆయన పనే. పైన రాసిన పద్ధతి మీరు ఒకసారి చేసి చూపించి, మంచం దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మొదటి వారం తప్పులు చేస్తాడు, తలుపు దగ్గర నిలబడి దిద్దకండి. ఎక్స్‌రే చూసి ఫిజియో సరేనంటే కాళ్లు సాగదీసే ఎక్సర్‌సైజులూ ఆయనకే ఇవ్వండి. మీ నడుము సంగతి ఎవరూ అడిగి ఉండరు. ఇప్పుడు పదిహేను కిలోలుంటాడేమో, పన్నెండేళ్లకు ముప్పై అవుతాడు. నేల మీద చేసే పనులన్నీ ఇప్పటినుంచే మీ నడుమెత్తు మంచం మీదికి మార్చుకోండి. నాకు రెండు డిస్కులు జారాయి, ఇది కూర్చుని కాదు, దిండ్లకు ఆనుకుని రాస్తున్నాను.

సోమవారం పిల్లల ఎముకల డాక్టరు ఏ ఆసుపత్రిలో ఏ రోజు చూస్తారో కనుక్కోండి. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అనే పిల్లల కేంద్రం ఉంటే అక్కడినుంచీ రాయించుకోవచ్చు. తీసిన ఫిల్మ్‌ని పరుపు కిందికి తోసేయకండి, ఆరు నెలలకో ఏడాదికో రెండోది తీసినప్పుడు పక్కన పెట్టి చూసేది దాన్నే. శాతం ఎంత వచ్చిందో నాకు రాయండి. పాప కడుపునొప్పి ఎలా ఉందో కూడా.